గుర్రపు డెక్కను మ్యాపు చేద్దామని బయల్దేరి: ప్రాజెక్టు డైరీ

జనవరి 11, 2025

మాది కైకలూరు పక్క ఊరు. చిన్నప్పుడు కాలవలో ఈత కొట్టాలంటే ముందు నీళ్ళమీద తేలుతూ పెరిగే గుర్రపు డెక్క మొక్కల్ని చేతుల్తో అటూ ఇటూ తోసి దారి చేసుకోవాలి, ఆ తర్వాతే ఈత. కాబట్టి ఆ మొక్క నాకు కొత్త కాదు. అయినా 2016లో ఉద్యోగానికి బెంగళూరు వచ్చి వర్తూరు వైపు ఏడో అంతస్తులో ఇల్లు తీసుకున్నప్పుడు, బాల్కనీలోంచి కనిపించే పచ్చటి మైదానాన్ని చూసి పెద్ద ఆటస్థలం అనుకున్నాను. రెండు రోజులకు గాలి ఇటు తిరిగి వాసన కొట్టాక గానీ అది చెరువని తెలియలేదు. ఎగువనున్న బెళ్ళందూరు చెరువు 2017 ఫిబ్రవరిలో ఒకసారి, 2018 జనవరిలో ఇంకోసారి తగలబడి దేశమంతా వార్తల్లోకెక్కింది. నీళ్ళమీద నిప్పేమిటని మా అమ్మ ఫోన్లో మూడుసార్లు అడిగింది.

ఇన్నేళ్ళకు ఇప్పుడు మొదలుపెట్టాను. పని చిన్నదే. ఒక చెరువు తీసుకుని, అందులో గుర్రపు డెక్క ఎన్ని ఎకరాలు కమ్మిందో నెలనెలా పైనుంచి తీసిన ఫొటోలతో లెక్కకట్టాలి. పచ్చగా కనిపించిన ప్రతిదాన్నీ డెక్క అనేయకుండా, జమ్ము గడ్డి వేరు, నాచు వేరు, డెక్క వేరు అని విడదీయాలి. నేను పగలు సాఫ్ట్‌వేర్ టెస్టర్ని, ఈ మ్యాపుల పనంతా సొంతంగా నేర్చుకున్నదే.

డ్రోన్ మా బావమరిదిది. ప్రీ-వెడ్డింగ్ షూట్లు చేస్తాడు. 250 గ్రాముల లోపుది, నానో అంటారు, దానికి పైలట్ లైసెన్స్ అక్కర్లేదు. దాంతో వర్తూరు చెరువు మీద ఎగరేసేద్దాం అని వాడు బ్యాటరీలు కూడా ఛార్జింగ్ పెట్టేశాడు. ప్రభుత్వం వాళ్ళ డిజిటల్ స్కై మ్యాపు తెరిచి చూస్తే మా ఇంటి చుట్టుపక్కల స్వేచ్ఛగా ఎగరేసే పచ్చ రంగు ఎక్కడా లేదు. పక్కనే హెచ్ఏఎల్ విమానాశ్రయం మరి. లైసెన్స్ అక్కర్లేదంటే ఎక్కడపడితే అక్కడ ఎగరేయొచ్చని కాదు, జోన్ల రూలు నానోకి కూడా వర్తిస్తుంది. "బావా, పొద్దున్నే ఎవరూ చూడరు" అన్నాడు. చూడకపోవడం కాదురా, పైన విమానం దిగుతుంటుంది అన్నాను. మొహం మాడ్చుకుని బ్యాటరీలు తీసేశాడు.

సరే, ముందు ఉపగ్రహం.

జనవరి 19

యూరప్ వాళ్ళ సెంటినెల్-2 ఉపగ్రహం తీసే బొమ్మలు ఉచితం. ఐదు రోజులకోసారి మన మీదుగా పోతుంది, ఉదయం పదిన్నర ప్రాంతంలో. ఒక్కో పిక్సెల్ నేలమీద 10 మీటర్లు బై 10 మీటర్లు, అంటే ఎకరానికి సుమారు 40 పిక్సెళ్ళు. పెద్ద చెరువుకు ఇది చాలు, చిన్న కుంటలకు మాత్రం దండగ, ఎందుకంటే గట్టు పక్కనున్న పిక్సెల్లో సగం నీళ్ళు, సగం మట్టి, కాస్త గడ్డి కలిసిపోయి అది ఏదీ కాకుండా పోతుంది.

లెక్క అందరూ చేసేదే. పచ్చటి ఆకు ఎరుపు కాంతిని మింగేసి, మన కంటికి కనిపించని నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ను బాగా వెనక్కి కొడుతుంది. ఆ రెంటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఎన్‌డీవీఐ, పచ్చదనాన్ని కొలిచే అంకె. నీళ్ళు ఇన్‌ఫ్రారెడ్‌ను మింగేస్తాయి కాబట్టి మామూలుగా విలువ సున్నా కంటే కిందే ఉంటుంది, ఆకు ఉంటే పైకి లేస్తుంది. రెండు గంటల్లో మా వైపున్న నాలుగు చెరువులకు గీసేశాను, రాత్రి ఒంటిగంటకు బావమరిదికి స్క్రీన్‌షాట్ పంపి, చూశావా డ్రోన్ లేకుండానే అయిపోయింది అని గొప్పలు కూడా పోయాను.

పొద్దున్నే నడుచుకుంటూ వెళ్ళి చూస్తే, నా మ్యాపులో చిక్కటి డెక్క అని గీసిన ఒక మూలలో ఒక్క మొక్క లేదు. నీళ్ళే పచ్చగా ఉన్నాయి, ఎవరో డబ్బాడు పెయింటు ఒలకబోసినట్టు. అదంతా నాచు. మురుగులోని నత్రజని, భాస్వరం డెక్కకు ఎంత ఇష్టమో నాచుకూ అంతే ఇష్టం, పైనుంచి చూస్తే రెండూ ఆకుపచ్చే.

దీనికి మందు షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ బ్యాండు, అంటే ఉపగ్రహం విడిగా కొలిచే, కంటికి కనిపించని ఇంకో రకం కాంతి. దాన్ని నీళ్ళు ఇంకా గట్టిగా మింగేస్తాయి. నాచు నీళ్ళలో కలిసి ఉంటుంది కాబట్టి అక్కడ చీకటిగా కనిపిస్తుంది, డెక్క ఆకులు నీటికి పైన గాలిలో లేచి నిలబడతాయి కాబట్టి వెలుగు తిరిగొస్తుంది. చిక్కేమిటంటే ఆ బ్యాండు 20 మీటర్లది, ఎకరానికి పది పిక్సెళ్ళే. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలి. నాచైతే చాలావరకు పోయింది, జమ్ము మాత్రం డెక్కతో కలిసే ఉంది. ఆ రెండూ విడిపోవాలంటే దగ్గరనుంచి తీసిన ఫొటో ఉండాల్సిందే.

జనవరి 26

డ్రోన్ ఎగరేయడానికి వీలైన చెరువు వెతకడానికి పోయాం, ఈసారికి డ్రోన్ తీసుకెళ్ళకుండానే. హోస్కోటె దాటాక, ఊరు పేరు రాయను, సుమారు 40 ఎకరాల చెరువు. అక్కడ మ్యాపు పచ్చ జోన్ చూపిస్తోంది. మూడొంతుల నీళ్ళు కనిపిస్తున్నాయి, మిగతాది డెక్క, గట్టు వెంట జమ్ము. తూర్పున కట్ట, కట్ట మీద మట్టిరోడ్డు. పడమట పొలాలు, అటునుంచే వాగు వచ్చి పడుతుంది. ఈ పక్కంతా నీళ్ళు చివరికి దక్షిణ పినాకినిలోకే పోతాయి, నందికొండల్లో పుట్టి వచ్చే నది అది.

కట్ట మీద గేదెలు కాసుకుంటున్న పెద్దాయన మేం మాట్లాడుకునేది విని, "తెలుగోళ్ళా? యాడ్నించొచ్చినారు?" అన్నాడు. హోస్కోటె వైపు ఊళ్ళలో తరతరాలుగా తెలుగు మాట్లాడేవాళ్ళున్నారని వినడమే గానీ ఇలా మొదటిసారి తగిలారు. మా తెలుగూ ఆయన తెలుగూ ఒకటే అయినా ఇద్దరం కాస్త నెమ్మదిగా మాట్లాడుకోవాల్సి వచ్చింది. మా పనేమిటో చెప్పాను. ఆయన నవ్వి, "దాన్నేం బొమ్మ గీస్తావు నాయనా, అది నడుస్తాది. ఇయ్యాల ఈడుంటాది, ఆయిటికి కట్టకాడికొస్తాది" అన్నాడు.

అవునండి అన్నాను, నోట్సులో మాత్రం రాసుకోలేదు. బావమరిది ఆయన గేదెల్ని ఫొటో తీశాడు. పంచాయతీలో అడిగి వచ్చే వారం ఎగరేసుకోవడానికి ఒప్పించాం. మనుషుల్ని, ఇళ్ళను తీయొద్దన్నారు, న్యాయమే.

గట్టుకు చేరిన డెక్క ఆకుల్ని తిప్పి చూస్తే వాటి మీద చిన్న చిన్న చదరపు గాట్లు. నియోచెటినా అనే ముక్కుపురుగు గీరిన గుర్తులవి. డెక్కదీ దానిదీ ఒకటే పుట్టిల్లు, దక్షిణ అమెరికా. డెక్కను తినడానికే 1980లలో శాస్త్రవేత్తలు బెంగళూరు చెరువుల్లో దాన్ని వదిలారు. పురుగు ఇంకా పని చేస్తూనే ఉంది, మురుగు డెక్కను అంతకంటే వేగంగా మేపుతోంది, అంతే తేడా.

ఫిబ్రవరి 2

మొదటి ఎగురుడు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ రాస్తాను.

ట్రాఫిక్‌లో ఇరుక్కుని చేరేసరికి పదకొండున్నర. 60 మీటర్ల ఎత్తులో ఎగరేస్తే ఒక్కో పిక్సెల్ రెండు సెంటీమీటర్లు వస్తుందని ముందే లెక్క వేసుకున్నాను, ఆ లెక్క నిజమే, డెక్క ఊదాపూలు విడివిడిగా కనిపిస్తున్నాయి. అయితే సూర్యుడు నడినెత్తికి దగ్గరగా ఉన్నప్పుడు, కిందకి చూసే కెమెరాకు నీళ్ళలో సూర్యుడి ప్రతిబింబం ఫ్రేములోనే పడుతుంది. ప్రతి ఫొటోలోనూ ఒక పక్కన తెల్లటి మచ్చ, అలల వల్ల సాగిపోయి, కింద ఏముందో కనపడకుండా. పెళ్ళి వీడియోల్లో ఆ మెరుపు కోసం వాడు ఎండ ఉన్నప్పుడే తీస్తాడట. నాకదే శని అయింది.

దానికి తోడు గద్దలు. బెంగళూరు చెరువుల దగ్గర గద్దలకు కొదవ లేదు, ఒకటి డ్రోన్ వెనకాలే రెండు చుట్లు తిరిగింది. బావమరిది చేతులు వణికాయి, నాకు టెన్షన్‌తో నోరెండిపోయింది. నిటారుగా పైకి లేపాడు, గద్ద అంత నిటారుగా ఎక్కలేక వదిలేసింది.

ఇంటికొచ్చి 340 ఫొటోలూ వెబ్ఓడీఎంకి ఇచ్చి పడుకున్నాను. ఉచిత సాఫ్ట్‌వేర్, పక్కపక్క ఫొటోల్లో ఒకేలా ఉన్న చుక్కల్ని పోల్చి, అన్నింటినీ కుట్టి పెద్ద బొమ్మ చేస్తుంది. నేల మీద బ్రహ్మాండంగా పనిచేస్తుంది. నీళ్ళమీద పోల్చడానికి చుక్క ఏముంది? ప్రతి అలా కొత్తదే. పొద్దున లేచి చూస్తే చెరువు గట్టు చుట్టూ అందంగా కుట్టి, మధ్యలో చెరువున్న చోట పెద్ద బొక్క పెట్టింది. చెరువు మ్యాపులో చెరువు తప్ప అన్నీ ఉన్నాయి.

ఫిబ్రవరి 20

10 నుంచి 14 దాకా యలహంకలో ఏరో ఇండియా విమానాల ప్రదర్శన, ఆ వారం డ్రోన్ ఊసే ఎత్తలేదు. ఆ ఖాళీలో ఏం మార్చాలో ఆలోచించుకున్నాను.

ఈసారి 16న తెల్లవారుజామున నాలుగున్నరకే బయల్దేరి ఏడున్నరకల్లా గాల్లో ఉన్నాం. సూర్యుడు కింద ఉంటే ప్రతిబింబం ఫ్రేము బయట ఎక్కడో పడుతుంది, ఒక్క మచ్చ లేదు. ఎత్తు 100 మీటర్లకు పెంచాం, పిక్సెల్ మూడున్నర సెంటీమీటర్లయింది, పర్లేదు, డెక్క గుత్తి అరచేయంత ఉంటే చాలు నేను గుర్తుపడతాను. ఎత్తు పెంచితే ఒక్కో ఫొటోలో ఎక్కువ చోటు పడుతుంది, అంచున గట్టో కరెంటు స్తంభమో వచ్చే అవకాశం పెరుగుతుంది. గట్టున్న ఫొటోలు బాగానే కుట్టుకున్నాయి. నడిమధ్యవి పదకొండు మిగిలాయి, వాటిని క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో చేత్తోనే, డ్రోన్ రాసుకున్న అక్షాంశ రేఖాంశాల్ని బట్టి ఒక్కొక్కటీ పెట్టాను. నాలుగు సాయంత్రాలు పట్టింది. మా ఆవిడ వెనక నిలబడి కాసేపు చూసి, ముగ్గులు వేయడమే నయం, అరగంటలో అయిపోతుంది అంది.

మొత్తానికి మ్యాపు అయింది. గొప్పగా దాన్ని 2వ తేదీ ముక్కల మీద పెట్టి చూశాను. కలవలేదు. గట్టు కలిసింది, రోడ్డు కలిసింది, జమ్ము కలిసింది, డెక్క తెప్ప మాత్రం ఎక్కడో ముప్ఫై నలభై మీటర్లు పక్కకుంది. జీపీఎస్ తప్పనుకున్నాను. చేత్తో పెట్టేటప్పుడు నా తప్పనుకున్నాను. మూడు ఫొటోలు మళ్ళీ పెట్టాను. అర్ధరాత్రి దాటాక, ఇంకో ఫొటో మీద క్లిక్ చేస్తూ ఉండగా గేదెల పెద్దాయన మాట గుర్తొచ్చింది.

అది నడుస్తాది.

గుర్రపు డెక్కకు నేలలో వేరుండదు. కాడల్లో గాలి నిండిన బుడ్డలుంటాయి, తేలుతుంది, ఆకులు తెరచాపల్లాగా నిలబడతాయి, గాలి ఎటు తోస్తే అటు పోతుంది. కైకలూరు కాలవలో పొద్దున ఈ ఒడ్డున ఉన్న తెప్ప సాయంత్రానికి అవతల వంతెన కింద ఉండేది, నేను కళ్ళారా చూసిందే. అంత తెలిసినవాణ్ణి, కంప్యూటరు ముందు కూర్చున్నాక మ్యాపంటే కదలనిది అనే అనుకున్నాను.

ఫిబ్రవరి 23

ఈ వారం చిన్న పని, పెద్ద దెబ్బ. డ్రోన్ బొమ్మ మీద చేత్తో గీతలు గీసి, ఇది డెక్క, ఇది జమ్ము, ఇది అలిగేటర్ వీడ్, ఇది నీళ్ళు అని పేర్లు పెట్టి, వాటితో ఉపగ్రహ పిక్సెళ్ళను విడదీయడం కంప్యూటరుకు నేర్పించాను. రాండమ్ ఫారెస్ట్ పద్ధతి, అంటే ఉదాహరణలు చూపిస్తే తేడాలు కంప్యూటరే పట్టుకుంటుంది. గీసినవాటిలో కొన్ని దాచిపెట్టి పరీక్షిస్తే 97 శాతం సరిగ్గా వచ్చింది, కుర్చీలోంచి లేచి కాఫీ పెట్టుకున్నాను. కాఫీ తాగుతుంటే అనుమానం వచ్చింది. దాచిన పిక్సెళ్ళూ నేర్పిన పిక్సెళ్ళూ పక్కపక్కనే ఉన్నవి, ఒకే తెప్పలోవి. ప్రశ్నపత్రం ముందే ఇచ్చి పరీక్ష పెట్టినట్టయింది. చెరువు దక్షిణపు సగంతో నేర్పి ఉత్తరపు సగంతో పరీక్షిస్తే 81. తప్పులన్నీ ఒకే చోట, జమ్మును డెక్క అనడం, డెక్కను జమ్ము అనడం. ఆఫీసులో ఎవరి కోడ్లో అయినా ఇలాంటిది కనబడితే నేను వదిలేవాణ్ణి కాదు, నా దగ్గరికొచ్చేసరికి కాఫీ పెట్టుకున్నాను.

అలిగేటర్ వీడ్ గురించి ఒక మాట. అదీ దక్షిణ అమెరికాదే. గట్టునుంచి మొదలై నీళ్ళమీదకి తీగలల్లుకుంటూ వస్తుంది, డెక్క కంటే లేత పచ్చ. డ్రోన్లో ఇట్టే తెలుస్తుంది, ఉపగ్రహంలో అసలు తెలియదు.

మార్చి 9

ఇది రాయడానికి వారం నుంచి చేతులు దురద పెడుతున్నాయి.

డెక్క నడుస్తుంది, జమ్ము నడవదు. జమ్ముకు బురదలో దుంపలుంటాయి, ఎక్కడ పుట్టిందో అక్కడే. మరి నేనెందుకు ఒకే రోజు బొమ్మలో రంగు చూసి రెంటినీ విడదీయాలని కొట్టుకుంటున్నాను? వరసగా ఏడెనిమిది తేదీల బొమ్మలు పేర్చి, ప్రతి పిక్సెల్‌నూ ఒక్కటే ప్రశ్న అడిగితే పోలా: నువ్వు అన్ని రోజులూ పచ్చగానే ఉన్నావా, లేక ఓ రోజు పచ్చగా, ఓ రోజు నీళ్ళుగా ఉన్నావా? ఎప్పుడూ పచ్చగా ఉన్నది జమ్ము. మారుతూ ఉన్నది డెక్క. నన్ను నాలుగు సాయంత్రాలు ఏడిపించిన కదలికే ఇక్కడ పనికొచ్చింది.

ఉత్తరపు సగం మీద మళ్ళీ పరీక్షిస్తే 90కి పైనే వచ్చింది. పూర్తిగా కుదరని చోటు ఒకటుంది, పడమటి గట్టున తెప్ప మరీ దట్టంగా ఇరుక్కుని రెండు నెలలుగా కదల్లేదు, దాన్ని జమ్ము అనేస్తోంది. అక్కడికి డ్రోన్ బొమ్మ చూసి చేత్తో దిద్దుకున్నాను. దిద్దడం మోసమేమీ కాదు, దిద్దానని రాసుకోకపోతే మోసం.

అక్కడితో ఆగాల్సింది, ఆగలేదు. పెద్దాయన ఇంకో మాట కూడా అన్నాడు కదా, ఆయిటికి కట్టకాడికొస్తుందని. ఆయిటి అని ఆయన అన్నది జూన్ నుంచి వానలు పడే కాలాన్ని అని నేను అర్థం చేసుకున్నాను. సెంటినెల్ పాత బొమ్మలన్నీ ఉన్నాయి, వెనక్కి వెళ్ళి చూడొచ్చు. బెంగళూరులో చలికాలం గాలి తూర్పునుంచి వీస్తుంది, నైరుతి వచ్చాక పడమటి గాలి, అదీ జోరుగా. ఆయన మాట నిజమైతే జనవరి బొమ్మల్లో డెక్క పడమటి పొలాల వైపు, జులై బొమ్మల్లో తూర్పు కట్ట వైపు ఉండాలి.

జనవరివి దొరకడం తేలికే. జులైవే ఏడిపించాయి, ఆ నెలల్లో ఉపగ్రహం వచ్చినప్పుడల్లా కింద మబ్బే. ఆరేళ్ళ జూన్ నుంచి సెప్టెంబరు దాకా వెతికితే చెరువంతా శుభ్రంగా కనిపించేవి తొమ్మిదే బొమ్మలు. తొమ్మిదింటిలో ఎనిమిదింట్లో తెప్ప కట్టకు ఆనుకునే ఉంది. ఆ మిగిలిన ఒక్కదాంట్లో చెరువులో డెక్కే లేదు, అంతకు ముందే తీసేసినట్టున్నారు. చలికాలం బొమ్మల్లో ఒకటో రెండో తప్ప అన్నిట్లోనూ పడమటే.

అర్ధరాత్రి బావమరిదికి ఫోన్ చేశాను. "బావా, ఆయన ఫ్రీగానే చెప్పాడు కదా" అన్నాడు, నిద్ర గొంతుతో. చెప్పాడు. నేనే రాసుకోలేదు.

మార్చి 16

ఏ3 కాగితం మీద రెండు మ్యాపులు ప్రింట్ తీసుకుని హోస్కోటె పోయాం. పెద్దాయన అక్కడే ఉన్నాడు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, చివరికి ఉత్తరం కిందకి వచ్చేలా పట్టుకున్నాడు, ఎందుకంటే ఆయన ఉత్తరపు గట్టున చెరువు వైపు తిరిగి నిలబడ్డాడు, ఆయనకు ఆ చెరువు అలాగే కనిపిస్తుంది. తర్వాత వేలుతో వాగు కలిసే మూల చూపించి, "ఈడ తప్పు. ఈడ ఎప్పుడూ ఉంటాది. పిల్లలు పెట్టేది ఈడే" అన్నాడు. నా మ్యాపులో అక్కడ జమ్ము అని ఉంది. నలుగురం నడుచుకుంటూ పోయి చూశాం, నాలుగోది గేదె. జమ్ము కాడల మధ్య, పైనుంచి ఏ కెమెరాకూ కనపడకుండా, కింద చిన్న చిన్న డెక్క పిలకలు. మురుగు తెచ్చే వాగు పడేది సరిగ్గా అక్కడే. గాలికి ఎటు పోయినా మళ్ళీ తెప్పలు బయల్దేరేది అక్కడినుంచే. మ్యాపు మీద పెన్సిలుతో ఆ మూల చుట్టూ గుండ్రం గీసి ఆయన చెప్పిందని రాశాను.

పంచాయతీలో కూడా చూపించాం. వాళ్ళు డెక్క తీయించడానికి ఏప్రిల్లో జేసీబీ పెట్టాలనుకుంటున్నారు. ఏప్రిల్‌కి అది ఇంకా పడమటి పొలాల వైపే ఉండొచ్చు, అటు బండి పోయే దారే లేదు, జేసీబీ చెయ్యి చెరువు మధ్యకు అందదు. జూన్ గాలులు మొదలయ్యాక తనంతట తనే కట్ట దగ్గరికి వస్తుంది, రోడ్డు మీద నిలబడి తోడొచ్చు. అయితే వానలకు పెరుగుదలా పుంజుకుంటుంది కాబట్టి జులై దాకా ఆలస్యం చేయకుండా గాలి తిరిగిన మొదటి రెండు వారాల్లోనే చేస్తే మేలు అన్నాను. తోడినదాన్ని కట్ట మీదే వదిలేస్తే మొదటి వానకు మళ్ళీ లోపలికే పోతుంది, దాన్ని దూరంగా తరలించాలని కూడా చెప్పాను. కాగితం తీసుకున్నారు. బిల్లు మాత్రం ఆర్థిక సంవత్సరం ముగిసే ఈ మార్చిలోపే పెట్టాలన్న మాట ఒకటి పక్కనుంచి వినిపించింది, దాని మీద నేనేమీ అనలేదు.

ఇక మిగిలినవి: జూన్ మొదటి వారంలో మబ్బుల కింద నుంచి ఒక డ్రోన్ రౌండు వేయాలి. మబ్బు పట్టిన రోజు ఉపగ్రహానికి చేటు గానీ డ్రోన్‌కి మంచిదే, ఎండ మచ్చ ఉండదు. వాన, గాలి జోరు చూసుకోవాలి, 250 గ్రాముల వస్తువు, డెక్క కంటే ముందు అదే కొట్టుకుపోతుంది. వాగు మూలలో నీళ్ళు ఒక సీసాలో పట్టి నైట్రేటు, ఫాస్ఫేటు పరీక్షకు ఇవ్వాలి. పెద్దాయన ఈసారి వచ్చేటప్పుడు తన గేదెల ఫొటో ప్రింట్ తెమ్మన్నాడు, పైనుంచి తీసింది కాదు, పక్కనుంచి తీసింది.